ఎస్‌ఎస్‌టి రికార్డ్స్: నా ఓటు 1984కే

(పాత రికార్డులు వినేవాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కుర్చీలు సరిపోనివాళ్లు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, ఫరవాలేదు. నాకిచ్చిన ప్రశ్న చాలా చిన్నది. ఎస్‌ఎస్‌టి రికార్డ్స్ అనే అమెరికా లేబుల్‌కి, అంటే రికార్డులు వేసే కంపెనీకి, అన్నిటికన్నా మంచి సంవత్సరం ఏది? పోయిన నెల టీ తాగుతూ ఈ మాట ఎత్తితే ముగ్గురు మూడు సంవత్సరాలు చెప్పారు, గొంతులు కూడా లేచాయి. అందుకే నిర్వాహకులు తెలివిగా, నువ్వే మైకు పట్టుకుని తేల్చు అని నా మీదకి తోశారు. తేలుస్తానో లేదో తెలీదు గానీ నా ఓటు మాత్రం ముందే చెప్పేస్తాను, సస్పెన్స్ ఏమీ లేదు. 1984. ఎందుకో చెప్పడానికే ఈ అరగంట.

ఈ లేబుల్ గురించి అసలు తెలియనివాళ్లు ఎంతమంది, చేతులెత్తండి. ఓ, బానే ఉన్నారు. అయితే రెండు ముక్కల్లో. మన దగ్గర ఆడియో కంపెనీ అనగానే సినిమా పాటలు, హక్కులు, క్యాసెట్ల వ్యాపారం గుర్తొస్తాయి. ఇది ఆ బాపతు కాదు. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్‌కి దక్షిణంగా హెర్మోసా బీచ్ అని సముద్రం ఒడ్డున ఊరుంది. అక్కడి గ్రెగ్ గిన్ అనే కుర్రాడు పన్నెండేళ్ల వయసులో పాత రేడియో సామాను బాగుచేసి పోస్టులో అమ్మేవాడు. ఆ దుకాణం పేరు సాలిడ్ స్టేట్ ట్యూనర్స్. ఎస్‌ఎస్‌టి అంటే అదే. పెద్దయ్యాక బ్లాక్ ఫ్లాగ్ అనే పంక్ బ్యాండు పెట్టాడు, పంక్ అంటే మొరటుగా, వేగంగా వాయించే రాక్, 1978 మొదట్లోనే నాలుగు పాటలు రికార్డు చేశాడు. వేస్తామన్న కంపెనీ వాయిదాల మీద వాయిదాలు వేస్తుంటే విసుగొచ్చి, టెలిఫోన్ డైరెక్టరీలో రికార్డులు అచ్చొత్తే ఫ్యాక్టరీ నంబరు వెతుక్కుని, తనే రెండు వేల కాపీలు కొట్టించాడు. లేబుల్ పేరు కావాలి కదా? రేడియోల దుకాణం పేరు ఉండనే ఉంది. అట్టల మీద బొమ్మలు ఎవరు వేస్తారు? తమ్ముడు రేమండ్ పెటిబాన్ ఉన్నాడు. బ్లాక్ ఫ్లాగ్ గుర్తు, ఆ నాలుగు నల్ల పట్టీలు, అవీ తమ్ముడి చేతివే. ఇంట్లో వ్యవహారం అన్నమాట.

మనలో చాలామందికి ఈ లేబుల్ వాసన తగిలింది మాత్రం నిర్వాణా అనే అమెరికా రాక్ బ్యాండు వల్ల. 1993 నవంబరులో వాళ్లు ఎంటీవీ కోసం కరెంటు గిటార్లు పక్కనపెట్టి చేసిన కచేరీ ఉంది కదా, అందులో జుట్టు పెంచుకున్న ఇద్దరు అన్నదమ్ములు స్టేజీ ఎక్కి వరసగా మూడు పాటలకు వాయిస్తారు. ఎవరబ్బా వీళ్లు అనుకున్నాం. మీట్ పపెట్స్ వాళ్లు, కర్ట్ కిర్క్‌వుడ్, క్రిస్ కిర్క్‌వుడ్. ఆ మూడు పాటలూ ఒకే ఆల్బమ్‌లోవి, 'మీట్ పపెట్స్ టూ'. ఎస్‌ఎస్‌టి వేసింది, 1984లో. చూశారా, అప్పుడే మొదలైంది నా కేసు.

సరే, 1984లో ఏమేం వచ్చాయో చెప్తాను, ఊపిరి బిగబట్టుకోండి. మార్చిలో బ్లాక్ ఫ్లాగ్ 'మై వార్'. ఏప్రిల్‌లో మీట్ పపెట్స్ రెండో ఆల్బమ్. జులైలో హస్కర్ డూ 'జెన్ ఆర్కేడ్', డబుల్ ఆల్బమ్, అంటే ఒకే అట్టలో రెండు ప్లేట్లు. అదే జులైలో మినిట్‌మెన్ 'డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్', అదీ డబుల్ ఆల్బమే. ఇవి కాక బ్లాక్ ఫ్లాగ్‌వే ఇంకో రెండు స్టూడియో ఆల్బమ్‌లు, ఒక లైవ్. సెయింట్ విటస్ మొదటి ఆల్బమ్. సాకరిన్ ట్రస్ట్. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది జీతం సరిగ్గా అందకుండా నడిపిన ఆఫీసు నుంచి, ఒక్క ఏడాదిలో. చాలదా?

చాలదు అని వెంటనే ఒకాయన చెయ్యెత్తారు. 1985 పార్టీ. మీ దగ్గరికి వస్తానండీ, మీకు పెద్ద టైమే ఇస్తాను. ముందు ఈ నాలుగు రికార్డుల సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ ఒక తమాషా ఉంది, నేను తవ్వుతూ పోతే నా కేసే తలకిందులయ్యే తమాషా.

1984 అంటే నిజంగా 1984నా?

ఇవి ఎప్పుడు రికార్డు చేశారో చూడండి. మీట్ పపెట్స్ రెండో ఆల్బమ్, 1983 వసంతంలో. జెన్ ఆర్కేడ్, 1983 అక్టోబరులో. డబుల్ నికెల్స్ మొదటి విడత, 1983 నవంబరులో. మై వార్, 1983 డిసెంబరులో. అంటే 1984 అని మనం పూజ చేస్తున్నదంతా దాదాపుగా 1983 సరుకే! మరి 1983లోనే ఎందుకు బయటికి రాలేదు?

దానికి సమాధానం కోర్టు. బ్లాక్ ఫ్లాగ్ 1981లో 'డ్యామేజ్డ్' అనే ఆల్బమ్ చేసింది. యూనికార్న్ అనే కంపెనీతో ఒప్పందం, ఆ యూనికార్న్ వెనక పంపిణీకి ఎంసిఏ అనే పెద్ద కంపెనీ. రికార్డులు అచ్చయ్యాక ఎంసిఏ పెద్దమనిషి ఒకాయన విని, పిల్లల తండ్రిగా నేను దీన్ని ఒప్పుకోను, ఇది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డు అన్నాడు. వీళ్లు ఏం చేశారో తెలుసా? అచ్చయిన అట్టల మీద ఎంసిఏ గుర్తు కనపడకుండా ఒక స్టిక్కరు అంటించారు, ఆ స్టిక్కరు మీద ఆయనన్న మాటే అచ్చేశారు. నాకు ఈ లేబుల్ మీద ప్రేమ పుట్టింది అక్కడే, పాట వినకముందే.

నవ్వు బాగానే ఉంది గానీ ఆ తర్వాత యూనికార్న్‌కీ వీళ్లకీ తగాదా ముదిరి, బ్లాక్ ఫ్లాగ్ పేరు మీద రికార్డు వేయకూడదని కోర్టు ఆంక్ష వచ్చింది. వీళ్లు ఊరుకుంటారా, పాత పాటల సంకలనం ఒకటి బ్యాండు పేరు లేకుండా, మనుషుల పేర్లు మాత్రం వేసి విడుదల చేశారు. అదీ కుదరదంది కోర్టు. గిన్, బాస్ వాయించే చక్ డుకోస్కీ ఇద్దరూ కోర్టు ధిక్కారం కింద 1983లో కొన్ని రోజులు జైల్లో కూర్చుని వచ్చారు. ఇంటి బ్యాండే రికార్డు వేయకూడదంటే ఆ లేబుల్‌కి డబ్బెక్కడిది? చేతిలో సరుకుంది, అచ్చు వేయించడానికి స్తోమత లేదు. మీట్ పపెట్స్ వాళ్ల టేపు ఏడాది పాటు అలా పడి ఉంది. 1983 చివర్లో యూనికార్న్ దివాలా తీసింది, ముడి విడిపోయింది, వెంటనే మై వార్ రికార్డు చేశారు, ఇక ఆనకట్ట తెగినట్టు వచ్చిపడ్డాయి.

అందుకని, మా వాళ్లలో ఒకడున్నాడు, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, వాడంటాడు, అయితే అసలు గొప్ప సంవత్సరం 1983 రా, విడుదల తేదీ చూసి మోసపోతున్నావు అని. మంచి పాయింటే. నేను కూడా కొన్నాళ్లు ఊగాను. కానీ మనం అడుగుతున్నది బ్యాండ్ల గురించి కాదు కదా, లేబుల్ గురించి. పాట ఎప్పుడు పుట్టిందన్నది వాయించినవాళ్ల సంగతి. దాన్ని ఎప్పుడు, ఎలా, దేని పక్కన పెట్టి జనంలోకి వదిలారన్నది లేబుల్ సంగతి. జులైలో జరిగింది చూస్తే మీకే తెలుస్తుంది.

రెండు డబుల్ ఆల్బమ్‌ల కథ

హస్కర్ డూ మిన్నెసోటా వాళ్లు. ముగ్గురు. బాబ్ మోల్డ్, గ్రాంట్ హార్ట్, గ్రెగ్ నార్టన్. కాలిఫోర్నియా వచ్చి రెడాండో బీచ్‌లో టోటల్ యాక్సెస్ అనే స్టూడియోలో కూర్చున్నారు. ఇంజనీరు స్పాట్, ఎస్‌ఎస్‌టి రికార్డులు సగం ఆయన చెవుల్లోంచే వచ్చాయి. ఇరవై మూడు ట్రాకులు. రెండు తప్ప అన్నీ మొదటి టేకే. ఇంట్లోంచి పారిపోయిన కుర్రాడి కథ, నాలుగు వైపులా సాగుతుంది, మధ్యలో పియానో, మధ్యలో ఉల్టా తిప్పిన టేపులు, చివర పధ్నాలుగు నిమిషాల వాయిద్యం. చివరి మిక్సింగ్ నలభై గంటలు ఏకబిగిన కూర్చుని ముగించారు. మొత్తం ఖర్చు 3,200 డాలర్లు. మళ్లీ చెప్తున్నా, 3,200. ఆ రోజుల్లో పెద్ద కంపెనీల వాళ్లకి ఒక పాటకి డ్రమ్ముల సౌండు కుదుర్చుకోడానికి కూడా చాలేది కాదేమో ఆ డబ్బు.

ఇక మినిట్‌మెన్. శాన్ పెడ్రో రేవు ఊరి కుర్రాళ్లు, డి. బూన్, మైక్ వాట్, జార్జ్ హర్లీ. వీళ్లు నవంబరులో మామూలు ఆల్బమ్ ఒకటి రికార్డు చేసుకుని కూర్చున్నారు. అంతలో హస్కర్ డూ వాళ్లు డబుల్ ఆల్బమ్ చేశారని తెలిసింది. అంతే! వాళ్లు రెండు ప్లేట్లు వేస్తే మనం ఒకటి వేస్తామా అని, మళ్లీ కూర్చుని పాటలు రాసి, ఏప్రిల్‌లో ఇంకో విడత రికార్డు చేశారు. నలభైకి పైగా పాటలయ్యాయి, ఎక్కువ భాగం రెండు నిమిషాలు కూడా ఉండవు. మిక్సింగ్ మొత్తం ఒక్క రాత్రి. ఖర్చు 1,100 డాలర్లు. ఈ పొదుపుకి వాళ్లు ఒక పేరు పెట్టుకున్నారు, ఎకనో అనేవాళ్లు.

ఈ రికార్డు అట్ట నా దగ్గరుంది, ఇదిగో, ముందు వరసలోంచి వెనక్కి పంపించండి, చేతులు తుడుచుకుని పట్టుకోండి దయచేసి, సమోసా తిన్నవాళ్లు ముఖ్యంగా. ముందు బొమ్మ చూడండి. వాట్ తన ఫోక్స్‌వాగన్ నడుపుతున్నాడు, ఫోటో వెనక సీట్లోంచి తీశారు. అద్దంలో వాడి కళ్లు నవ్వుతున్నాయి, స్పీడోమీటరు ముల్లు సరిగ్గా 55 మీద ఉంది, పైన శాన్ పెడ్రో బోర్డు. ఈ మూడూ ఒకేసారి ఫ్రేములో పడాలి, అందుకని ఆ ఫ్రీవే మీద మళ్లీ మళ్లీ తిరిగారు. ఎందుకింత గొడవ? అప్పట్లో అమెరికా హైవేల మీద గంటకి 55 మైళ్ల హద్దు ఉండేది. సామీ హేగర్ అనే రాక్ గాయకుడు నేను 55లో నడపలేను అని పాట కట్టి హిట్టు కొట్టాడు. వీళ్లేమన్నారంటే, బాబూ, కారు హద్దులోనే నడుపుతాం, పాటలో మాత్రం హద్దులు లేవు అన్నారు. రోడ్డు మీద బుద్ధిగా, పాటలో పిచ్చిగా.

లోపల తిప్పి చూడండి. నాలుగు వైపుల్లో మూడింటిని ముగ్గురూ పంచుకున్నారు, వంతులేసుకుని ఎవరికి నచ్చిన పాటలు వాళ్లు ఏరుకున్నారు, ఎవరూ ఏరుకోని పాటలు నాలుగో వైపు. ఆ నాలుగో వైపుకి పెట్టిన పేరు పొట్టు! వడ్లు చెరిగితే మిగిలే పొట్టు. మూడు వైపులూ కారు స్టార్టు చేసిన చప్పుడుతో మొదలవుతాయి, ఎవరి వైపుకి వాళ్ల కారే. ఇప్పుడు అట్ట లోపల చిన్న అక్షరాలు చదవండి, అక్కడ, ఆ, అదే. "ఇదిగో తీసుకోండి హస్కర్లూ!" అని ఉంటుంది. ఒకే లేబుల్‌లోని రెండు బ్యాండ్లు ఇలా మీసాలు మెలేసుకోవడం, అదీ ప్రేమగా, నాకు ఇంకెక్కడా కనపడలేదు.

మరి లేబుల్ చేసిందేంటి? జెన్ ఆర్కేడ్ ముందే తయారైంది. దాన్ని ఆపి, రెండో డబుల్ ఆల్బమ్ తయారయ్యాక రెండూ కలిపి వదిలారు. వ్యాపారం తెలిసినవాడు ఎవడైనా చేస్తాడా ఆ పని? కొనేవాడి జేబులో ఉన్నది ఒక రికార్డుకి సరిపడా డబ్బు. అయినా వదిలారు. దాంతో ఏమైందంటే, అప్పటిదాకా ఎస్‌ఎస్‌టి అంటే బ్లాక్ ఫ్లాగ్ వాళ్ల దుకాణం అనుకున్న విలేఖరులంతా ఒక్కసారిగా తలెత్తి చూశారు. అరవై మైళ్ల వేగంతో అరిచే హార్డ్‌కోర్ పిల్లలు, అంటే పంక్‌లోనే ఇంకా వేగంగా వాయించేవాళ్లు, డబుల్ ఆల్బమ్‌లు వేస్తున్నారేంటి అని. ఆ తర్వాత ఎవరైనా ఎస్‌ఎస్‌టి రికార్డు అంటే బ్యాండు పేరు తెలియకపోయినా కొనేవాళ్లు.

ఇంకొకటి, మై వార్ గురించి చెప్పకుండా పోతే పాపం. మొదటి వైపు మామూలుగా పరిగెడుతుంది. రెండో వైపు మూడే పాటలు, ఒక్కోటి ఆరు నిమిషాలకు పైన, రోడ్డు రోలరు వేగంతో. అభిమానులు తిట్టిపోశారు. హార్డ్‌కోర్ అంటే వేగం, మీరు ఇలా సాగదీస్తారా అని. ఆ సాగదీసిన వైపునే సియాటిల్ దగ్గరి పిల్లలు కొందరు, మెల్విన్స్ లాంటివాళ్లు, అరిగేదాకా విన్నారు, ఆ దారిలోనే గ్రంజ్, అంటే నిర్వాణా వాళ్ల బాణీ, వచ్చింది. ఈ ఆల్బమ్‌లో బాస్ వాయించింది డేల్ నిక్సన్ అని ఉంటుంది, అలాంటి మనిషే లేడు. డుకోస్కీ బ్యాండులోంచి వెళ్లిపోయాడు, వేరే ఎవరూ దొరక్క గిన్నే గిటారూ బాసూ రెండూ వాయించుకుని దొంగపేరు పెట్టుకున్నాడు.

ఇప్పుడు 1985 వారు. మీరు చెప్పబోయేది నేనే చెప్తాను. జనవరిలో హస్కర్ డూ 'న్యూ డే రైజింగ్', సెప్టెంబరులో మళ్లీ వాళ్లదే 'ఫ్లిప్ యువర్ విగ్'. మీట్ పపెట్స్ 'అప్ ఆన్ ద సన్'. మినిట్‌మెన్‌వి రెండు. బ్లాక్ ఫ్లాగ్‌వి మూడు. వినడానికి 1984 కన్నా ఇవే హాయిగా ఉంటాయి, ఒప్పుకుంటాను. ఇంట్లో పొద్దున్నే కాఫీ తాగుతూ నేను పెట్టుకునేది అప్ ఆన్ ద సన్, జెన్ ఆర్కేడ్ కాదు, మా ఆవిడ కూడా ఏమీ అనదు దానికి. ఫ్లిప్ యువర్ విగ్ అయితే వార్నర్ బ్రదర్స్ వాళ్లు మాకివ్వండి అని అడిగినా, లేదు, ఇది ఎస్‌ఎస్‌టికే అని ఇచ్చి మరీ వెళ్లారు హస్కర్ డూ వాళ్లు. లేబుల్‌కి అంతకన్నా గౌరవం ఏముంటుంది?

కానీ, ఒక్క కానీ. 1985లో వచ్చినవన్నీ 1984లో తెరిచిన తలుపులోంచి నడిచినవే. అవే బ్యాండ్లు, ఇంకా నేర్పుగా. కొత్తగా ఎవరూ గోడ దూకలేదు. పైగా ఆ ఏడాది చివర ఏం జరిగిందో మీకు తెలుసు. డిసెంబరు 22, అరిజోనాలో వ్యాను ప్రమాదం, డి. బూన్ పోయాడు. ఇరవై ఏడేళ్లు. అప్పుడే వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లో ఒక బ్యాలెట్ కాగితం పెట్టారు, తర్వాత వేయబోయే లైవ్ రికార్డులో ఏ పాటలుండాలో మీరే ఓటెయ్యండి అని. ఓట్లు వచ్చాయి, బ్యాండు లేదు. ఆ ఓట్లతోనే 1987లో ఒక రికార్డు కూర్చి వేశారు.

1986 గురించి పెద్దగా ఎవరూ పోట్లాడరు ఎందుకో. బ్యాడ్ బ్రెయిన్స్ 'ఐ అగెన్స్ట్ ఐ' ఆ ఏడాదిదే. అందులో ఒక పాటకి గాయకుడు హెచ్.ఆర్. జైల్లోంచి ఫోనులో పాడాడు, గొంతు వింటే తెలిసిపోతుంది. సోనిక్ యూత్ 'ఈవోల్' కూడా అప్పుడే. బాగుంది, ముందుకెళ్దాం.

1987 పార్టీ, కుర్రాళ్లంతా అక్కడే ఉన్నారు. మీ జాబితా గట్టిదే. సోనిక్ యూత్ 'సిస్టర్', డైనోసార్ జూనియర్ 'యూ ఆర్ లివింగ్ ఆల్ ఓవర్ మీ', నెగటివ్‌లాండ్ 'ఎస్కేప్ ఫ్రమ్ నాయిస్', మీట్ పపెట్స్‌వే రెండు. ఈ ఆల్బమ్‌లు ఒక్కొక్కటీ తీసుకుంటే 1984 వాటి పక్కన కూర్చోగలవు, నేను కాదనను. నేను అడిగేది వేరే. ఇవి ఎస్‌ఎస్‌టి లేకపోతే వచ్చేవి కావా? సోనిక్ యూత్, డైనోసార్ ఇద్దరూ అంతకుముందు హోమ్‌స్టెడ్ అనే లేబుల్‌లో ఉన్నవాళ్లు. తమ దారిలో తాము పెరుగుతున్నవాళ్లు. ఎస్‌ఎస్‌టికి ఎందుకొచ్చారు? ఆ నాలుగు అక్షరాలు... మూడే కదా, ఆ మూడు అక్షరాలు అట్ట వెనక ఉండాలని. ఆ పేరు ఎప్పుడు వచ్చింది? నా దృష్టిలో 1987 అంటే 1984లో వేసిన డిపాజిట్ మీద వడ్డీ. వడ్డీ బాగానే వచ్చింది, కాదనను, కానీ అసలు ఎప్పుడు కట్టారో మర్చిపోకూడదు.

పైగా ఆ ఒక్క ఏడాదిలో ఎనభైకి పైగా టైటిల్స్ వేశారు. ఎనభై! అయిదు రోజులకొక రికార్డు పైమాటే. దుకాణాల వాడు ఏం చేస్తాడు, వినేవాడు ఏం చేస్తాడు? జో కార్డూచీ అని, గిన్‌తో పాటు లేబుల్‌ని నడిపిన మనిషి, 1986లోనే వెళ్లిపోయాడు. బ్లాక్ ఫ్లాగ్ కూడా అదే ఏడాది చెదిరిపోయింది. ఎస్‌ఎస్‌టి అని ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు అన్న నమ్మకం పోయింది సరిగ్గా అక్కడే. తర్వాత లెక్కల గొడవలు కూడా వచ్చాయి, సోనిక్ యూత్, డైనోసార్, మీట్ పపెట్స్ అందరూ తమ మాస్టర్లు, అంటే అసలు టేపులు, తాము వెనక్కి తీసుకుని బయటికి నడిచారు. అది వేరే రోజు మాట్లాడుకుందాం, దానికి టీ ఇంకా కావాలి.

న్యాయంగా ఉండాలి కాబట్టి నా ఏడాది మీద మచ్చ కూడా నేనే చూపిస్తాను. జెన్ ఆర్కేడ్ మొదటి విడత అచ్చు వేసింది అయిదు వేలకి లోపే. డబుల్ ఆల్బమ్ పోతుందో పోదో అని భయం, యూనికార్న్ దెబ్బ ఇంకా మానలేదు. రికార్డు వచ్చింది, పత్రికలు ఆకాశానికెత్తాయి, సరుకు ఖాళీ! మళ్లీ అచ్చయ్యేదాకా దుకాణాల్లో లేదు. బ్యాండు ఊరూరా తిరిగి వాయిస్తోంది, విన్నవాడు వెళ్లి అడిగితే స్టాక్ లేదు అంటున్నారు. పంపిణీదారులు ఒకపట్టాన డబ్బు కట్టరు, చేతిలో డబ్బు లేనిదే రెండో విడత అచ్చు కాదు. అంటే ఎస్‌ఎస్‌టి గొప్పగా రికార్డులు వేసిన ఏడాది, ఎస్‌ఎస్‌టి బాగా నడిచిన ఏడాది ఒకటి కావు. 1987 వాళ్లు ఈ పాయింటు మీద నన్ను కొట్టొచ్చు, కొట్టండి, అప్పటికి స్టాక్ బాగానే ఉండేది.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఇప్పుడు పొట్టు వైపు పెడతాను, ఎవరూ ఏరుకోని పాటలు ఎలా ఉన్నాయో వినండి. ఆ తర్వాత మైకు 1985 పెద్దాయనకి. 1987 కుర్రాళ్లూ, మీ వంతు కూడా ఉంది, కాకపోతే షరతు. ఆ ఎనభై రికార్డుల్లో నేను చెప్పినవి కాకుండా ఇంకో పది పేర్లు, ఫోన్లు జేబులో పెట్టి, చెప్పగలిగినవాడికే మైకు.